ఒక ట్రిప్పు చెరుకుకు ఒక ఫోను

మా పాలకొల్లులో ఫోనులో చార్జింగు ఎంత ఉందని అడిగితే గీతలు లెక్కపెట్టి చెబుతాం. బోధన్ దగ్గరి చెరుకు పల్లెల్లో అలా చెప్పరు. "ఒక ట్రిప్పు గావాలె" అంటారు, లేకపోతే "అర్ధ ట్రిప్పు ఉన్నది" అంటారు. ట్రిప్పు అంటే చెరుకు ట్రాక్టరు పొలం దగ్గర బయల్దేరి ఫ్యాక్టరీకి చేరడం. ఈ కొలత నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

నేను చదివింది తక్కువేమీ కాదు. ఎనిమిదో తరగతితో బడి మాని కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. అప్పటినుంచీ మా ఊరి శాఖా గ్రంథాలయమే నా బడి. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు ఉన్న సంపుటాన్ని మూడుసార్లు చదివాను. అందులో కొన్ని పేజీలు ఎవరో చింపుకుపోయారు గాని మిగిలినదంతా నాకు కంఠతా వచ్చు. ఆ ధీమాతోనే రెండు వేల ఆరు జనవరి చివర్లో నిజామాబాదు రైలెక్కాను.

వెళ్లింది రాజమణిని చూడటానికి. ఒక మాసపత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ మా ఇద్దరినీ కలిపింది. ఆమె రెంజల్ వైపు ఒక పల్లెలో బీడీలు చుడుతుంది, బీడీలు చుడుతూనే చదువుతుంది. నాలుగేళ్లు ఉత్తరాలు రాసుకున్నాం, ముఖం మాత్రం చూసుకోలేదు. ఆమె ఫోను కొన్న ఏడాదికి నేనూ అదే రకం కొన్నాను. అప్పట్లో చిప్పు లేని ఫోన్లు కొన్ని వచ్చేవి, గుర్తుందా? నంబరు ఫోనులోనే ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

"అక్కా, చెరుకు నడిచే దినాల్ల రా. అప్పుడు మా ఊరు కండ్లనిండ సూడొచ్చు" అని రాసింది. వెళ్లాను.

కంఠేశ్వర్‌లో ఒక పూట

రైల్లో ఫోను చార్జి చేసుకునే దారి లేదు, గోడకు గుచ్చే చార్జరు ఇంట్లోనే మరిచిపోయాను. పైగా బుద్ధి గడ్డితిని దారంతా పాము ఆట ఆడాను. నిజామాబాదులో దిగేసరికి ఒక్క గీత మిగిలింది.

స్టేషనుకు రాజమణి అక్క గంగామణి వచ్చింది. కంఠేశ్వర్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. మేం వెళ్లేసరికి కరెంటు లేదు. "గిప్పుడు పోయింది, రెండు గంటలకొస్తది. కూసో అక్కా, రొట్టె తిందువు" అంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నువ్వుల తొక్కు. మా గోదావరి వాళ్లకు పులుసంటే పొయ్యి మీద మరగాలి. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, మిరపకాయ పిసికి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకు ఇదేమిటనుకున్నాను, మూడో ముద్దకు గిన్నె నా వైపుకు జరుపుకున్నాను.

తిన్నాక గంగామణి వాకిట్లో చాట పెట్టుకుని బీడీలకు కూర్చుంది. తునికాకు మీద చిన్న రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడిపిస్తుంది. ముక్క ముక్కకూ నూలుపోగంత తేడా రాదు. నేను పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కత్తిరిస్తున్నాను. అచ్చు కాగితం పెట్టుకుని, సుద్దతో గీసుకుని, అయినా ఒక్కోసారి చంక దగ్గర తప్పుతాను. ఆమె నాతో మాట్లాడుతూ, పక్కింటామెను తిడుతూ, చూడకుండానే కత్తిరిస్తోంది. చుట్టి, తంబాకు నింపి, కొసలు మడిచి, దారంతో రెండు చుట్లు. ఆ దారం సంగతి కూడా గుర్తుంచుకోండి.

"ఫోను సచ్చిందా? పాషా భాయ్ దుకాణం కాడికి పో" అని దారి చూపించింది గంగామణి.

పాషా భాయ్‌ది రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం. లోపలికి వంగి చూసి అలాగే నిలబడిపోయాను. నేల మీద లారీ బ్యాటరీ ఒకటి. దాని చుట్టూ పదిహేను ఫోన్లు, తలకో తీగ నోట పెట్టుకుని పడుకున్నాయి. ఆవు చుట్టూ దూడలు చేరినట్టుంది. రాగిబిళ్ల మీద జింకుబిళ్ల, మధ్య ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డముక్క, ఇలా పేర్చుకుంటూ పోయి లోకంలో మొదటి బ్యాటరీని చేశాడని ఆ ఇటలీ పండితుడి గురించి చదివాను. అది చదివినప్పుడు బొమ్మ లేని పేజీ. రెండు వందల ఏళ్ల తర్వాత దాని మునిమనవడు కంఠేశ్వర్ సందులో పదిహేను ఇళ్ల మాటలను మోస్తున్నాడు.

అక్కడే చార్జి పెడదామంటే ఖాళీ తీగ లేదు, సాయంత్రం దాకా వరుస ఉంది. "నువు ఊర్లెకు పోతున్నవ్ గదా, గీ డబ్బా కొనుక్కో" అని పాషా భాయ్ ఒక చిన్న నల్ల డబ్బా ఇచ్చాడు. కార్లలో, ట్రాక్టర్లలో పెట్టుకునేది. ఒక వైపు ఫోను పిన్ను, ఇంకో వైపు ఊరికే రెండు తీగలు. అరవై రూపాయలు. "ప్లస్సు మైనస్సు సూస్కొని పెట్టాలె అక్కా."

"అది నాకు తెలుసండి" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటా.

"తెల్సినోళ్లే కాలవెడ్తరు" అన్నాడు, తలెత్తకుండా.

తీపి వాసన దారి

మర్నాడు గురువారం పొద్దున బోధన్ బస్సు. మా వైపూ చెరుకు ఉంది, ఫ్యాక్టరీలూ ఉన్నాయి. కానీ ఇలా ఊరంతా ఒకే దిక్కుకు నడవడం నేను చూడలేదు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు, అన్నీ నెత్తిన చెరుకు పెట్టుకుని ఒకే వైపు పోతున్నాయి. బోధన్ ఇంకా కనపడకముందే గాలి తియ్యనైంది. కాగుతున్న బెల్లం, తడి పిప్పి, కొంచెం పులుపు. పక్క సీట్లో ఒకామె నా మాట విని "మీది ఏ ఊరండీ?" అంది. వాళ్ల తాతగారి కాలంలో కృష్ణ ఒడ్డునుంచి వచ్చి ఇక్కడ కాలవ కింద భూములు కొన్నారట. ఇప్పటికీ వాళ్లు ఉండే ఊరిని క్యాంపు అనే అంటారట. "అరవై ఏళ్లయినా క్యాంపేనా?" అంటే నవ్వింది.

బోధన్‌లో ఇంకో బస్సు మారి రాజమణి ఊరికి చేరాను. ఊరి పేరు రాయొద్దంది, రాయను.

గుమ్మానికి వేలాడిన పదకొండు ఫోన్లు

రాజమణి ఉత్తరాల్లో పొడుగ్గా ఉంటుంది. అసలు మనిషి నా భుజం దాకా వస్తుంది. బస్సు దిగగానే నా చేతులు పట్టుకుని, "గింత లావున్నవేందక్కా? నీ అక్షరాలు సన్నగుంటయి గదా!" అంది. నాలుగేళ్ల మొహమాటం ఆ ఒక్క మాటతో పోయింది.

చెరుకు నడిచే నెలల్లో ఆ ఊళ్లో ఏటా ఇదే కథ, ఈసారి నాలుగు రోజులుగా కరెంటు లేదు. చెరుకు తోటలకు నడిచే మోటార్ల బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగుకు పంపారు, ఇంకా రాలేదు. ఊళ్లో పదకొండు ఫోన్లున్నాయి, పదకొండూ గల్ఫుకు మనుషుల్ని పంపిన ఇళ్లవే. అంతకుముందు ఎస్టీడీ డబ్బా ఒకటుండేది. ఫోన్లు వచ్చాక దాన్ని ఎత్తేశారు.

"మరి చార్జింగు?" అన్నాను.

రాజమణి నన్ను గంగారాం ఇంటికి తీసుకెళ్లింది. గంగారాం చెరుకు ట్రాక్టరు డ్రైవరు. వయసు యాభై ఉంటుంది, తలకు రుమాలు. ఆయన ఇంటి గుమ్మానికి బీడీల దారంతో కట్టిన ఫోన్లు వరసగా వేలాడుతున్నాయి. పండక్కి కట్టిన మామిడాకుల్లా ఉన్నాయి. ఆయన ట్రాక్టరులో ఒకే ఒక్క చార్జింగు డబ్బా ఉంది, ఒక ట్రిప్పుకు ఒకే ఫోను. ఎవరి ఫోను వరుసలో ముందుంటే దాన్ని దారం తెంపి తీసుకెళ్తాడు. ఇరవై కిలోమీటర్లు రెండు ట్రాలీలు లాక్కుంటూ వెళ్లేసరికి ఫోను నిండుతుంది. ఇంజను నడిస్తేనే అందులోని డైనమో తిరుగుతుంది, డైనమో తిరిగితేనే ఫోను కడుపునిండా తాగుతుంది. చెరుకు ఎండను తాగి తియ్యనవుతుందని చదివాను. ఆ చెరుకును మోసే బండి, దారిలో ఒక ఇంటి గొంతును కూడా బతికిస్తుందని ఎక్కడా చదవలేదు.

"మీ ఫోను ఏదండీ?" అని గంగారాంను అడిగాను.

"నాకెందుకు? ఊరి ఫోన్లన్ని నా ఒళ్లెనే పెరుగుతున్నయి" అని నవ్వాడు.

ఇంకో ఆచారం కూడా ఉంది. దారిలో ఫోను మోగితే గంగారామే ఎత్తుతాడు. అవతలి మనిషి రోజంతా ఎండలో చేసి, ఫోను బూత్ దగ్గర వరుసలో నిలబడి, కార్డు గీకి చేస్తాడు. ఎవరూ ఎత్తకపోతే వారమంతా నిద్రపోడు. అందుకని గంగారాం ఎత్తి ఒకే మాట చెబుతాడు: "అంత మంచిగున్నది, ఫికర్ చెయ్యకు." ఎవరింటి ఫోనైనా ఇదే మాట. వాళ్లు చెప్పింది సాయంత్రం వచ్చి ఆ ఇంట్లో అప్పజెబుతాడు, పొల్లు పోకుండా. పక్కింటికి చెప్పడు. ఇంత నమ్మకం నేను బ్యాంకుల మీద కూడా పెట్టుకోలేదు.

అబ్బురపడుతూ ఇదంతా రాజమణితో అన్నాను. ఆమె నవ్వలేదు.

ఇంటికి వచ్చాక చెప్పింది. ఆమె భర్త సాయిలు దుబాయిలో కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు కట్టే పని చేస్తాడు. ఇల్లు కడదామని వెళ్లి ఆరేళ్లు, ఆ ఇల్లు ఇంకా సగమే లేచింది, మధ్యలో వచ్చింది ఒక్కసారి. రెండేళ్లకోసారి పని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పోయినసారి సంతకానికి ముందు, ఉండమంటావా రమ్మంటావా అని అడగడానికి ఫోను చేశాడు. అప్పుడు ఫోను ట్రిప్పులో ఉంది. రాజమణి టైఫాయిడ్‌తో బోధన్ దవాఖానాలో ఉంది. గంగారాం ఫోనెత్తి ఎప్పటిమాటే చెప్పాడు. అంత మంచిగున్నదన్నాక ఇంకేం అడుగుతాడు? సాయిలు సంతకం పెట్టేశాడు.

"మంచి మనసుతోనే అన్నడక్కా. గంగారాం అన్నను నేనేమనలే. కని రెండేండ్లు పోయినయి గదా."

ఇప్పుడు మళ్లీ రెండేళ్లు నిండాయి. రేపు శుక్రవారం, దుబాయిలో సెలవు. మన ఒంటిగంట లోపల సాయిలు ఫోను చేస్తాడు. శనివారం సంతకం. ఉత్తరం రాస్తే అందేసరికి నెల పడుతుంది. తిరిగి ఆమె చేద్దామంటే అక్కడ కూలీలుండే క్యాంపులో ఫోను లేదు.

"ఈసారి నా నోటితోని నేను చెప్పాలె. రా అని చెప్పాలె."

రాజమణి ఫోను తీసి చూశాను. బ్యాటరీ గాలికొట్టినట్టు ఉబ్బి ఉంది. మూడేళ్లది. తీగ గుచ్చి ఉంచితే బతుకుతుంది, తీస్తే అరనిమిషంలో పోతుంది. బోధన్‌లో దుకాణంలో గుచ్చుకుని కూర్చుందామంటే అక్కడ పదినుంచి రెండుదాకా కరెంటు కోత. తక్కిన ఇళ్ల ఫోన్లు గల్ఫునుంచి వచ్చినవి, వాటి బ్యాటరీలు ఇందులో పట్టవు. నంబరు ఫోనులోనే ఉంది కాబట్టి చిప్పు తీసి వాటిలో వేసే వీలూ లేదు.

"నాది పడుతుంది!" అన్నాను. మా ఇద్దరిదీ ఒకే రకం కదా. నా బ్యాటరీ ఈమధ్యే మార్చిన కొత్తది. దాన్ని నింపి ఆమె ఫోనులో వేస్తే ఇంటి అరుగు మీద కూర్చుని హాయిగా మాట్లాడొచ్చు. రాజమణి ముఖం విప్పారింది. "నువు దేవుడు పంపినట్టు వచ్చినవక్కా" అంది.

ఆ మాట విని పొంగిపోయాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ఎర్ర తీగ

సాయంత్రం గంగారాం ట్రాక్టరు ఇంజను ఆపకుండా పొలం గట్టున నిలబెట్టి, చెరుకు మోపులు ఎక్కిస్తున్నాడు. సీటు కింద రెండు తీగలు బయటకు వచ్చి ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. నా నల్ల డబ్బా తీసుకుని వెళ్లాను.

"ఆగక్కా, నేనొస్త" అని అరిచాడు గంగారాం.

"నాకు తెలుసండీ, మీరు పని చూసుకోండి!"

ఎరుపు ధనం, నలుపు ఋణం. ఇది ప్రపంచమంతటా ఒకటే అని విజ్ఞాన సర్వస్వం చెప్పింది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు మెలిపెట్టి ఫోను గుచ్చాను. టప్పుమంది. డబ్బాలోంచి సన్నగా పొగ, వెంట్రుకలు కాలిన వాసన. ఫోను వెనక చెయ్యి పెట్టలేనంత వేడి. తెర నల్లగా అయిపోయి మళ్లీ వెలగలేదు. కంగారుగా బ్యాటరీ ఊడదీసి రాజమణి ఫోనులో వేసి చూశాం. ఆ బ్యాటరీ కూడా పోయింది.

గంగారాం పరిగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు. "మోటరు కాడ మిగిలిన వైరు ముక్కలక్కా అవి. ఎర్రది మైనస్కు పెట్టిన, నల్లది ప్లస్కు. ఏది దొర్కితే గది పెట్టిన. నాకెర్కనే గదా అని..."

అక్కడ చేరిన ఆడవాళ్లలో ఒకామె, "సదువుకున్నామె అన్నరు?" అంది. ఇంకొకామె, "సదివింది గని ట్రాక్టరును సదవలే" అంది. అందరూ నవ్వారు. రాజమణి నవ్వలేదు, కోప్పడలేదు కూడా. కాలిన డబ్బాను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక మిగిలింది ఒకటే దారి. రేపు రాజమణి ఫోనును ఉబ్బిన పాత బ్యాటరీతోనే గంగారాం డబ్బాకు గుచ్చి, ట్రాక్టరుతోపాటు రాజమణి కూడా వెళ్లాలి. కానీ రేపటి ట్రిప్పు వరుస పోసానిది. పోసాని కొడుకు మస్కటులో ఉన్నాడు. వరుస తప్పిస్తే ఆ ఊళ్లో ఊరుకోరు. రాజమణి అడగడానికి వెళ్తే, పోసాని గంగారాం గుమ్మం దగ్గరికి వచ్చి తన ఫోను దారం తనే తెంపి కొంగున కట్టుకుంది.

"నా కొడుకు వారం వారం జేస్తడు. నీ మొగడు రెండేండ్లకోపారి అడుగుతడు. పో, నువ్వే పో. ఈసారన్న నోరు దెరువు."

మడ్‌గార్డు మీద ప్రయాణం

శుక్రవారం పదింటికి బయల్దేరాం. గంగారాం సీటు మీద, రాజమణి ఎడమ మడ్‌గార్డు మీద, నేను కుడి మడ్‌గార్డు మీద. వెనక రెండు ట్రాలీల చెరుకు. ఆడవాళ్లు ఇలా ఎక్కడం అక్కడ మామూలు కాదు. పొలాల్లో వాళ్లు తలలెత్తి చూశారు. "ఏడికి, పెండ్లికా?" అని ఒకాయన కేక. "ఆఁ, నాదే!" అంది రాజమణి.

ఫోను ఆమె ఒళ్లో ఉంది, తీగ గంగారాం పాత డబ్బాలోకి. పిన్ను వదులు. గతుకులో కదిలితే తెర ఆరిపోతుంది. అందుకని రెండు చేతులా కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

దారిలో గంగారాం తన ట్రాక్టరు గుట్టు చెప్పాడు. దాని పెద్ద బ్యాటరీ కూడా ముసలిదే. ఇంజను ఒకసారి ఆగితే దానంతట అది లేవదు. అందుకే ఎప్పుడూ ఏటవాలు చూసి ఆపుతాడు, కిందికి దొర్లించి లేపుతాడు. "సాపు జాగల నేను బంద్ చెయ్య. లైన్ల అస్సలే చెయ్య. లైను కదిలినప్పుడు నువ్వు కదలకపోతే ఎనుకోడు దాటిపోతడు. మల్ల తోకకు పోవాలె. ఒక దినం పోతది, చెరుకు ఎండుతది."

పదకొండున్నరకు ఒక మిట్ట దగ్గర ఆపి చాయ్ తాగాం, ఇంజను నడుస్తూనే ఉంది. రెండు రూపాయల చాయ్, గ్లాసు సగానికే పోస్తారు, కానీ అందులో చక్కెర మా ఊరి రెండు గ్లాసులది. చాయ్ హోటలాయన గంగారాంను చూసి, "ఇయ్యాల ఎవ్వల ఫోను?" అని అడిగాడు. దారి పొడవునా వాళ్లకు కూడా తెలుసన్నమాట.

రాజమణి చాయ్ తాగలేదు. పెదవులు కదులుతున్నాయి. ఏం చెప్పాలో వల్లె వేసుకుంటోంది.

లైను

పన్నెండున్నరకు ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడింది. దానికి చాలా ముందే లైను మొదలైంది. రోడ్డు పక్కన కనుచూపు మేర ట్రాక్టర్లు, బండ్లు. అంతా చదును నేల. ట్రాక్టర్లన్నీ ఇంజన్లు నడుపుతూనే ఉన్నాయి, పొగ, మోత. మా ముందు ఒక ట్రాక్టరు, వెనక సరిహద్దు అవతలినుంచి వచ్చిన మరాఠీ ముసలాయన ఎడ్లబండి, ఆయన వెనక మళ్లీ ట్రాక్టర్లు.

ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. ఫోను మోగింది.

రాజమణి మీట నొక్కి చెవికి ఆనించుకుంది. "హలో! హలో! ఆఁ? ఇనవస్తలేదు! హలో!" ఒక చెవి మూసుకుంది. తల వంచింది. దూరంగా వెళదామంటే తీగ జానెడు. తీగ తీస్తే ఫోను చస్తుంది. "ఇనవస్తలేదు" అని నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు. నా నల్ల డబ్బా, నా ఎర్ర తీగ, నా విజ్ఞాన సర్వస్వం, అన్నీ ఆ చూపులో కనపడ్డాయి.

గంగారాం ముందున్న లైనును చూశాడు. వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత చెయ్యి చాపి ఇంజను ఆపే పిడి లాగేశాడు.

మా ట్రాక్టరు ఆగింది. ఇంజను లేపలేని ఆ ముసలి బ్యాటరీకి ఫోనును నిలబెట్టే సత్తువ మాత్రం ఉంది, తెర ఆరలేదు. కానీ ముందూ వెనకా మోత అలాగే ఉంది. గంగారాం సీటు మీద నిలబడి, రుమాలు విప్పి ఊపుతూ అరిచాడు: "బంద్ జెయ్యుండ్రి! దుబాయ్ ఫోనున్నది! ఆడామె మాట్లాడుతుంది! బంద్ జెయ్యుండ్రి!"

ముందు ట్రాక్టరతను వెనక్కి తిరిగి చూసి ఆపేశాడు. వెనక మరాఠీ ముసలాయన బండి మీద లేచి నిలబడి తన వెనక వాళ్లను గదమాయించాడు. "గప్ప బసా రే!" ఆ భాష రాకపోయినా, నోరు మూసుకోమంటున్నాడని తెలిసిపోయింది. ఒక ఇంజను ఆగింది. దాని వెనకది ఆగింది. మోత మా దగ్గర మొదలై రెండు వైపులా ఆరిపోతూ వెళ్లింది. చివరికి ఎడ్ల మెడల్లో గంటలు, ఆరిన ఇంజన్ల టిక్కుటిక్కులు, గాలికి చెరుకాకు గలగల. ఎవరో ఎరగని ఒక ఆడమనిషి భర్తతో నాలుగు మాటలు మాట్లాడుకోవాలని అంత పెద్ద రోడ్డు ఊపిరి బిగబట్టింది.

"ఆఁ, నేనే" అంది రాజమణి. "గంగారాం అన్న గాదు, నేనే... తిన్న... లేదు. అంత మంచిగ లేదు."

ఆగింది.

"ఎవ్వలకేం గాలే. నాకే మంచిగ లేదు. ఒక్కదాన్ని ఉండ, నాతోని గాదు... పోయినసారి నువ్వు అడిగిననాడు నేను టైఫాయిడొచ్చి దవాఖాన్ల పడున్న. నీకు ఎవ్వలు చెప్పలే."

గంగారాం స్టీరింగు మీదనుంచి ఫోను వైపు వంగాడు. "బావా! నేను గంగారామును! ఆనాడు నేను అబద్ధం జెప్పిన. నువు పరేశాన్ అయితవని చెప్పిన. నాది తప్పయింది!" అని అరిచి, ముఖం అటు తిప్పుకుని రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఇన్నవా?" అంది రాజమణి. "సంతకం పెట్టకు... ఇల్లు సగమే ఉండనీ. సగమింట్ల మనుషులు ఉండరా?... నా బీడీలున్నయి, నీ చేతులున్నయి... నువు రా."

చాలాసేపు అవతలి మాట విన్నది. తర్వాత ఫోను దించింది. అతని కార్డు అయిపోయింది.

మరాఠీ ముసలాయనే బండి మీదనుంచి తన తెలుగులో అడిగాడు: "కాయ్ అన్నడమ్మా?"

"సరే అన్నడు" అంది రాజమణి. "ఆరేండ్లకు ఒక్క సరే."

ఎవరో ఈల వేశారు. ఇంజన్లు ఒక్కొక్కటే లేచాయి, మాది తప్ప. గంగారాం తాళం తిప్పితే లోపల ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. అప్పటికి లైను కదిలింది, మా ముందు పది బార్ల ఖాళీ ఏర్పడింది. వెనకున్నవాళ్లు దాటిపోవడం అక్కడి పద్ధతి. ఒక్కరూ దాటలేదు. ముందు ట్రాక్టరతను గొలుసు తెచ్చి మా ట్రాక్టరుకు తగిలించాడు. వెనకనుంచి మనుషులు దిగి వచ్చారు. నేనూ కొంగు దోపుకుని ట్రాలీకి భుజం ఆనించాను. "నువు వైర్లు ముట్టకక్కా, నూకితే సాలు" అన్నాడు గంగారాం. ఆ మాట నాకు దక్కాల్సిందే. నాలుగో ఊపుకు ఇంజను లేచింది.

పాలకొల్లులో

వచ్చి అయిదు నెలలైంది. మా ఇంట్లో గోడకే ప్లగ్గు ఉంది. గుచ్చితే చాలు. కొత్త ఫోనును గుచ్చిన ప్రతిసారీ చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. కాలిన నల్ల డబ్బాను కుట్టుమిషను సొరుగులో ఉంచుకున్నాను. గ్రంథాలయంలో ఆ సంపుటాన్ని మళ్లీ తీశాను, నాలుగోసారి. ఎర్ర తీగ పేజీ ఇప్పుడు కొంచెం అనుమానంగా చదువుతాను.

పోయిన వారం రాజమణి ఉత్తరం వచ్చింది. సగం ఇల్లు సగంగానే ఉందట. గంగారాం ఇప్పుడు ఫోనెత్తితే, "ఆమెనే అడుగు, పొద్దుమీకి జెయ్యి" అని సాయంత్రం చెయ్యమంటాడట. సాయిలు వచ్చాడట. చివర్లో ఇలా రాసింది:

"వచ్చిన మూడో దినం నన్ను బోధన్ తీస్కపొమ్మన్నడు. నువ్వు ఏ జాగల మాట్లాడినవో సూపియ్యి అన్నడు. తీస్కపోయిన. గాడ ఏమున్నదక్కా, రోడ్డు, దుబ్బ. గంగారాం అన్న గిక్కడనే ఆపిండని చెప్పిన. నడుముల మీద చేతులు పెట్టుకొని సప్పుడు చేయకుండ నిలవడ్డడు. నేను గూడ నిలవడ్డ. ఎనుకనుంచి ఒక లారీ వచ్చి, తొవ్వకు అడ్డం నిలవడ్డరని గట్టిగ హారన్ కొట్టింది. ఇద్దరం నవ్వుకుంట పక్కకు జరిగినం."